అగ్నిపర్వతాల పాఠం: ఒక విమర్శ

ఉన్నత పాఠశాలలలో అగ్నిపర్వతాలను జీవించి ఉన్నవి, నిద్రాణమైనవి, విలుప్తమైనవి అని మూడు తెగలుగా చెప్పుట పరిపాటి. జ్ఞాపకముంచుకొనుటకు ఈ విభజన సులభమే. కాని ఇది పర్వతం స్థితికన్న మన జ్ఞాపకం పొడవునే ఎక్కువగా కొలుచును. బారెన్ దీవి ఇందుకు నిదర్శనం.

2024లో శ్రీవిజయపురమని పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు ఈశాన్యంగా సుమారు 140 కిలోమీటర్ల దూరాన అండమాన్ సముద్రంలో ఉన్న నిర్జన ద్వీపమిది. నీటిపైన దీని ఎత్తు సుమారు 350 మీటర్లు. పాదం రెండువేల మీటర్లకు పైగా లోతున ఉన్నది. భారత ఫలకం బర్మా ఫలకం కిందికి దిగుచున్నది. దానినుండి వెలువడిన నీరు పైనున్న శిల కరిగే ఉష్ణోగ్రతను తగ్గించును. అట్లు పుట్టిన శిలాద్రవం పైకి వచ్చి, లావా పొరలుగాను బూడిద పొరలుగాను పేరుకొని, ఈ స్తరిత అగ్నిపర్వతాన్ని కట్టినది.

దీని విస్ఫోటనం 1787లో నమోదైనది. 19వ శతాబ్ది మధ్యనుండి నూరేళ్లకు పైగా మౌనం. 1990లో పాఠం చెప్పిన ఉపాధ్యాయుడు దీనిని నిద్రాణమనియే చెప్పి ఉండవచ్చును. 1991లో అది బద్దలైనది. 1994-95లోను, 2005 తరువాత అనేకసార్లును మరల బద్దలైనది. ఆ మౌనకాలమంతటను ఫలకం దిగుచునే ఉన్నది.

"మనుషులు లేరు కనుక అపాయం లేదు" అనుట రెండవ పొరపాటు. బూడిద విమాన యంత్రంలో కరిగి అంటుకొని దానిని ఆపివేయగలదు. కనుకనే ఆస్ట్రేలియాలోని డార్విన్ కేంద్రం ఈ దీవి బూడిదపై వైమానికులకు హెచ్చరికలు పంపుచుండును. పర్వత పార్శ్వం సముద్రంలోకి కూలినచో సునామీ రావచ్చును. 2018 డిసెంబరులో ఇండోనేషియాలోని అనక్ క్రకటోవా అట్లే కూలి, నాలుగువందలమందికి పైగా మరణించిరి. దూరమూ రక్ష కాదు. సుమారు 74 వేల ఏళ్ల క్రితం సుమత్రాలోని టోబా చిమ్మిన బూడిద నంద్యాల జిల్లా జ్వాలాపురంలో నేటికీ పొరగా ఉన్నది. బారెన్ టోబా అంతటిది కాదు. అయినను గాలికి ఎల్లలు లేవని ఆ పొర చెప్పుచున్నది.

మరి మోతె వంటి ఊరిలో ఈ పాఠం ఎట్లు చెప్పవలె? బడి దాపున ఉన్న గ్రానైటు బండతో మొదలుపెట్టవచ్చును. అదియు ఒకనాడు శిలాద్రవమే. భూగర్భంలో నెమ్మదిగా చల్లారుటచే దాని స్ఫటికాలు కంటికి కనిపించును. బయటికి పొంగిన లావా త్వరగా చల్లారుటచే సన్నని రేణువులతో ఉండును. పిల్లలు ముందు ఈ తేడా చూచి, కారణం అడుగవలె. తెగల పేర్లు తరువాత నేర్వవచ్చును.