మూసుకొనిపోయిన చెవికి పది మార్కులు

పుట్టుకతో చెవినాళము మూసుకొని యుండుట రమారమి 10,000 నుండి 20,000 జననములకు ఒకటి చొప్పున కనిపించు లోపము. ఎక్కువమందికి ఇది ఒక చెవికే ఉండును. గర్భస్థ శిశువు చెవినాళము మొదట కణములతో గట్టిగా నిండి, ఏడవ నెల ప్రాంతమున తెరచుకొనవలెను. ఆ పని నిలిచిపోవుటయే ఈ లోపము. గ్రహణము నాడు తల్లి బయటికి వచ్చినందున ఇట్లయినదనుట ఆమెపై వేయు నింద మాత్రమే.

ఇట్టి చెవికి శస్త్రచికిత్స తగునా, తగదా అని తేల్చుటకు అమెరికా వైద్యుడు జార్స్‌డోర్ఫర్, ఆయన సహచరులు 1992లో పది మార్కుల కొలబద్దను ప్రకటించిరి. అందులో అంకవన్నె ఎముకకు 2 మార్కులు. దాని క్రింది కిటికీ, గుండ్రని కిటికీ, మధ్యకర్ణములోని ఖాళీ, ముఖనాడి మార్గము, సుత్తి-దాగలి ఎముకలు, దాగలి-అంకవన్నెల కలయిక, చెవి వెనుక ఎముకలోని గాలిగదులు, వెలుపలి చెవి రూపము వీనికి ఒక్కొక్కటి. వెలుపలి చెవి తప్ప తక్కినవి సి.టి. స్కానులో చూడవలసినవి. మొత్తము 8 వచ్చినచో వినికిడి సాధారణ స్థాయికి చేరువయ్యే అవకాశము నూటికి సుమారు 80. మొత్తము 5 గాని అంతకు తక్కువ గాని అయినచో శస్త్రచికిత్స తగదు.

ఈ కొలబద్దలోని మేలు స్పష్టమే. శబ్దకంపనమును లోపలి చెవికి అందించునది అంకవన్నె గనుక దానికి రెట్టింపు విలువ న్యాయమే. ముఖనాడి దారి తప్పి యున్నచో శస్త్రచికిత్సలో దెబ్బతిని ముఖము ఒకవైపు చచ్చుబడవచ్చు. అట్టి చోట “వద్దు” అని చెప్పుటకు వైద్యునికి ఒక ఆధారము దొరికినది.

అయితే ఇది చెవి నిర్మాణమును కొలుచును గాని వినికిడిని కొలువదు. లోపలి చెవి వేరుగా పుట్టి పెరుగును గనుక సాధారణముగా బాగుండును. కాని అది రుజువు కావలెను. ఎముక ద్వారా శబ్దము పంపి చేయు పరీక్ష, పసివారికి బెరా పరీక్ష స్కానుకన్న ముందు జరుగవలెను. పైగా, తెరచిన నాళము మరల ఇరుకు కావచ్చునన్న సంగతి ఈ మార్కులలో లేదు.

అన్నిటికన్న పెద్ద లోటు కాలము. సామాన్యముగా శస్త్రచికిత్స ఐదారేండ్లు నిండిన పిదపనే. మాట నేర్చుట అంతవరకు ఆగదు. రెండు చెవులును మూసియున్న శిశువుకు ఆరు నెలల లోపుననే తలపట్టీతో కట్టు ఎముక-వాహక వినికిడి యంత్రము అమర్చవలెను. నల్లగొండ నుండి గాని మహబూబ్‌నగర్ నుండి గాని సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణించి హైదరాబాదు చేరిన తల్లిదండ్రులు “ఆరేండ్లు నిండిన తరువాత చూడవచ్చు” అన్న మాటతోనే తిరిగి వచ్చినచో, ఆ బిడ్డ మాటలు నేర్వవలసిన ఏండ్లు వ్యర్థమగును.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము పుట్టుచెవుడును గుర్తించవలసిన లోపములలో చేర్చినది. ఉపాధ్యాయులు అట్టి పిల్లలను ఆ బృందములకు చూపవచ్చును. ఒక చెవి మాత్రమే మూసియున్న విద్యార్థిని, బాగున్న చెవి పాఠము చెప్పువారి వైపు ఉండునట్లు ముందు బల్లపై కూర్చుండబెట్టవచ్చును. దీనికి ఖర్చేమియు లేదు.

పది మార్కుల కొలబద్ద మంచి పనిముట్టే. కాని అది రెండవ ప్రశ్నకు మాత్రమే జవాబు. ఈ బిడ్డకు నేడు ఎంత వినబడుచున్నది అన్నది మొదటి ప్రశ్న.