ఒక వర్తకుడి వీలునామాను ఎలా చదవాలి? సర్ థామస్ గ్రెషమ్ ఆస్తి – కుటుంబం

4.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• 16వ శతాబ్దపు లండన్ వర్తకుడి ఆస్తి ఏయే మార్గాల్లో కుటుంబానికి చేరేదో వివరించగలుగుతారు.
• వీలునామాలో కనిపించే విషయాన్నీ, కనిపించని విషయాన్నీ వేరు చేసి చూపగలుగుతారు.
• గ్రెషమ్ వీలునామాపై ప్రచారంలో ఉన్న అభిప్రాయాన్ని విమర్శనాత్మకంగా పరిశీలించగలుగుతారు.

4.1 పరిచయం

గత పాఠంలో ఉత్తరాలను, దినచర్యలను చారిత్రక ఆధారాలుగా ఎలా ఉపయోగించుకోవాలో తెలుసుకున్నారు. ఈ పాఠంలో వీలునామాను తీసుకుందాం. వీలునామా చాలా నిజాయితీ గల పత్రం అని మనం సాధారణంగా అనుకుంటాం. చావును తలచుకుంటూ మనిషి రాసుకునే మాటల్లో దాపరికం ఉండదని మన నమ్మకం. అందువల్ల ఎవరి పేరు ముందు రాశాడు, ఎవరికి ఎంత ఇచ్చాడు అని చూసి ప్రేమను కొలవడం మొదలుపెడతాం. ఈ అలవాటు మనల్ని తరచు తప్పుదారి పట్టిస్తుంది.

సుప్రసిద్ధమైన ఉదాహరణ షేక్‌స్పియర్ వీలునామా. 1616 నాటి ఆ పత్రంలో భార్యకు పేరుపెట్టి ఇచ్చింది ఇంట్లోని రెండో మేలురకం మంచం ఒక్కటే. దీన్ని చూసి ఆయనకు భార్య అంటే గిట్టదని తీర్పు చెప్పినవారు ఎందరో ఉన్నారు. కానీ భర్త భూముల్లో మూడో వంతును బతికినంతకాలం అనుభవించే హక్కు వితంతువుకు ఆనాటి చట్టం ఇచ్చింది. చట్టం ఇచ్చేదాన్ని వీలునామాలో మళ్లీ రాయవలసిన అవసరం లేదు. అంటే పత్రంలోని మౌనానికి ఒకటికి మించిన అర్థాలు ఉండవచ్చు. ఈ సూత్రాన్ని మనసులో ఉంచుకుని ఒక వర్తకుడి ఆస్తి కథలోకి వెళదాం.

4.2 నేపథ్యం: ఆస్తి చేతులు మారే దారులు

మనలో చాలామందికి ఆస్తి అనగానే పిత్రార్జితం, స్వార్జితం అనే విభజన గుర్తుకొస్తుంది. మితాక్షర సంప్రదాయంలో పిత్రార్జితంలో కొడుకుకు పుట్టుకతోనే హక్కు వస్తుంది. ఇంగ్లండులో పరిస్థితి వేరు. అక్కడ తండ్రి బతికి ఉండగా కొడుకుకు పుట్టుకతో వచ్చే వాటా అంటూ లేదు. వీలునామా లేకపోతే భూమి సాధారణంగా పెద్ద కొడుక్కి పోయేది. 1540 నాటి వీలునామాల చట్టం తరువాత భూమిని కూడా చాలావరకు తన ఇష్టం వచ్చినట్లు రాసి ఇచ్చే వీలు యజమానికి కలిగింది.

సరుకు, రొక్కం, రావలసిన బాకీలు, ఇంటి సామాను వంటి చరాస్తికి లెక్క వేరు. లండన్ నగర పౌరసత్వం పొందిన వర్తకుడి విషయంలో నగర ఆచారం వర్తించేది. దాని ప్రకారం చరాస్తిని మూడు భాగాలు చేసేవారు. ఒక భాగం భార్యది, ఒక భాగం పిల్లలది. మిగిలిన ఒక్క భాగం మాత్రమే చనిపోయినవాడు తన ఇష్టప్రకారం రాసి ఇవ్వగలిగేది. పిల్లలు లేకపోతే సగం భార్యకు దక్కేది. ఈ ఆచారం లండన్‌లో 18వ శతాబ్దపు మొదటి పాదం దాకా నిలిచింది.

భూమి తగాదాలు రాజు న్యాయస్థానాల్లో, చరాస్తి వీలునామాల ప్రొబేటు చర్చి న్యాయస్థానాల్లో నడిచేవి. ఒకే మనిషి ఆస్తి రెండు రకాల చట్టాల కింద, రెండు రకాల కోర్టుల ముందు ఉండేదన్నమాట. వీటికి తోడు బతికి ఉండగానే జరిగే పంపకాలు ఉన్నాయి. కూతురి పెళ్లికి ఇచ్చే సొమ్ము, కొడుకును మరొక వర్తకుడి దగ్గర పని నేర్చుకోవడానికి చేర్చేటప్పుడు కట్టే రుసుము, వ్యాపారంలో ఇచ్చే భాగస్వామ్యం, పెళ్లి ఒప్పందంలో రాసుకునే భూమి ఈ కోవకు చెందుతాయి. ఇన్ని మార్గాల్లో వీలునామా ఒకటి మాత్రమే, అది కూడా వరుసలో చివరిది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
లండన్ ఆచారం ప్రకారం వర్తకుడు తన చరాస్తిలో ఎంత భాగాన్ని ఇష్టప్రకారం రాసి ఇవ్వగలడు? పిల్లలు లేని సందర్భంలో ఏమి మారుతుంది?

4.3 గ్రెషమ్ జీవితం – కుటుంబం

థామస్ గ్రెషమ్ లండన్ వర్తక కుటుంబంలో పుట్టాడు. తండ్రి సర్ రిచర్డ్ గ్రెషమ్ లండన్ మేయరుగా పనిచేశాడు. థామస్ కేంబ్రిడ్జిలో కొంతకాలం చదివి, పినతండ్రి సర్ జాన్ వద్ద పని నేర్చుకుని, 1543లో మెర్సర్ల సంఘంలో సభ్యుడయ్యాడు. మెర్సర్లంటే పట్టు తదితర మేలురకం బట్టల వర్తకులు. తరువాత యాంట్‌వెర్ప్ నగరంలో ఇంగ్లండు రాజ్యం తరఫున అప్పులు తెచ్చి, తీర్చే ప్రతినిధిగా ముగ్గురు పాలకుల కింద పనిచేశాడు. లండన్‌లో వర్తకులు కలుసుకుని బేరాలాడుకోవడానికి ఒక భవనాన్ని సొంత ఖర్చుతో కట్టించాడు. 1571లో ఎలిజబెత్ రాణి దాన్ని సందర్శించి రాయల్ ఎక్స్‌చేంజ్ అని పేరు పెట్టింది.

ఆయన కుటుంబాన్ని ఇప్పుడు జాగ్రత్తగా గమనించండి. ఈ పాఠానికి ప్రాణం ఇక్కడే ఉంది.

1544లో ఆయన ఆన్ ఫెర్న్‌లీని పెళ్లి చేసుకున్నాడు. ఆమె అప్పటికే విలియం రీడ్ అనే మెర్సర్ భార్యగా ఉండి వితంతువైంది. మొదటి పెళ్లి సంతానం ఉంది. గ్రెషమ్ దంపతులకు రిచర్డ్ అనే ఒక్క కొడుకు పుట్టి, 1564లో చనిపోయాడు. గ్రెషమ్‌కు వివాహేతర సంబంధం వల్ల ఆన్ అనే కూతురు ఉంది. ఈమెను 1569లో రాజముద్రాధికారి సర్ నికోలస్ బేకన్ కుమారుడు నథానియల్‌కు ఇచ్చి పెళ్లి చేశారు. గ్రెషమ్ అన్న సర్ జాన్ కుమార్తె ఎలిజబెత్ సర్ హెన్రీ నెవిల్ భార్య అయింది.

అంటే ఆయన ఆస్తి చుట్టూ నాలుగు పక్షాలు ఉన్నాయి: భార్య, ఆమె మొదటి భర్త కొడుకు, చట్టం గుర్తించని కూతురు, చట్టం గుర్తించే అన్నగారి వంశం. ఈ నలుగురికీ ఆస్తి ఒకే దారిలో చేరలేదు.

4.4 వీలునామా ఏమి చెప్పింది?

1575 జూలైలో గ్రెషమ్ తన స్థిరాస్తికి ఏర్పాటు చేశాడు. రాయల్ ఎక్స్‌చేంజ్ మీదా, బిషప్స్‌గేట్‌లోని తన పెద్ద ఇంటి మీదా భార్యకు జీవితకాల అనుభవ హక్కు ఇచ్చాడు. ఆమె తదనంతరం ఎక్స్‌చేంజ్ లండన్ నగరానికీ, మెర్సర్ల సంఘానికీ చెరిసగం చెందాలి. దాని ఆదాయంతో ఏడుగురు ఉపన్యాసకులను నియమించి ఒక్కొక్కరికి సాలుకు 50 పౌన్లు ఇవ్వాలి. మతధర్మం, ఖగోళం, సంగీతం, రేఖాగణితం బోధించేవారిని నగరం, న్యాయం, వైద్యం, వక్తృత్వం బోధించేవారిని సంఘం ఎంపిక చేయాలి. వారి నివాసం బిషప్స్‌గేట్ ఇల్లే. పేదలకు, ఖైదీలకు కూడా కొంత సొమ్ము కేటాయించాడు.

1579 నవంబరు 21న గ్రెషమ్ హఠాత్తుగా మరణించాడు. భార్య ఆ తరువాత 17 ఏళ్లు బతికి 1596లో మరణించింది. 1597లో గ్రెషమ్ కళాశాల ఉపన్యాసాలు ప్రారంభమయ్యాయి.

4.5 విమర్శనాత్మక పరిశీలన

ఈ వీలునామాపై చాలాకాలంగా ప్రచారంలో ఉన్న అభిప్రాయం ఒకటుంది. కొడుకును పోగొట్టుకున్న తండ్రి నగరాన్నే వారసుణ్ణి చేసుకున్నాడు, సంపదను చదువుకు ధారపోశాడు అన్నది దాని సారాంశం. ఇది అబద్ధం కాదు. సాలుకు 350 పౌన్లు కేవలం బోధనకు కేటాయించడం ఆ కాలానికి పెద్ద విషయమే. అయితే ఈ అభిప్రాయం మూడు చోట్ల నిలవదు.

మొదటిది, దానం అన్న మాట. ఎక్స్‌చేంజ్ కట్టిన స్థలాన్ని గ్రెషమ్ కొనలేదు. లండన్ పౌరులు చందాలు వేసుకుని కొని ఇచ్చారు. భవనం ఖర్చు ఆయనది, నేల నగరానిది. కనుక నగరానికి దక్కినదానిలో కొంత నగరం మొదట పెట్టినదే. దాత గొప్పతనం దీనివల్ల తగ్గదు కానీ, ఇచ్చిపుచ్చుకోవడం అనే వర్తక లక్షణం ఇందులో ఉందని గుర్తించాలి.

రెండవది, భార్య స్థానం. జీవితకాల అనుభవ హక్కు అంటే అద్దెలు ఆమెవి, ఆస్తి ఆమెది కాదు. అమ్ముకోలేదు, ఇష్టమైనవారికి రాసి ఇవ్వలేదు. ఆమె ఊపిరి ఉన్నంతవరకే ఆ హక్కు. 17 ఏళ్లపాటు కళాశాల తెరుచుకోకపోవడానికి ఆమే అడ్డం అన్నట్లు కథ చెప్పేవారు ఒక సంగతి మరిచిపోతారు. ఆ వరుసను ఏర్పాటు చేసింది ఆమె కాదు, భర్త. నగరానికి ఆమె మరణం ఒక ఆదాయపు తేదీ అయింది. ఒక స్త్రీ ఆయుష్షును లెక్కపెట్టుకుంటూ సంస్థలు ఎదురుచూసే పరిస్థితిని ఈ పత్రం సృష్టించింది. దీన్ని గమనించని పఠనం అసంపూర్ణం.

మూడవది, కుటుంబం అన్న మాట. ఆన్ మరణించాక ఓస్టర్లీలోని ఎస్టేటు ఆమె మొదటి భర్త కుమారుడు విలియం రీడ్‌కు చేరింది. పైకి చూస్తే గ్రెషమ్ కష్టార్జితం రక్తసంబంధం లేనివాడికి పోయింది. కానీ 1544కు తిరిగి వెళ్లి చూడండి. ఆనాటి చట్టం ప్రకారం పెళ్లితో భార్య చరాస్తి భర్త సొంతమవుతుంది. సంపన్నుడైన మెర్సర్ వితంతువును పెళ్లాడినప్పుడు, వ్యాపారం అప్పుడప్పుడే మొదలుపెట్టిన యువకుడి చేతికి ఆమె సొమ్ము కూడా వచ్చిందని భావించడం సమంజసం. అలా చూస్తే రీడ్‌కు దక్కిన ఆస్తి సవతి తండ్రి ఔదార్యం మాత్రమే కాదు, రీడ్ ఇంటి నుంచి వెళ్లిన పెట్టుబడి ఒక తరం తరువాత తల్లి ద్వారా తిరిగి రావడం కూడా. లండన్ వర్తక సమాజంలో వితంతువుల మారుమనువు ఇలా పెట్టుబడి కదిలే కాలువగా పనిచేసింది. వీలునామాలో ఈ చరిత్ర ఒక వాక్యంగానైనా ఉండదు.

కూతురి విషయం చూడండి. వివాహేతర సంతానం ఎవరికీ వారసులు కారని ఆనాటి ఇంగ్లండు చట్టం. తండ్రి ఎంత ప్రేమించినా ఆమె వారసురాలు కాలేదు. అయితే బతికి ఉండగా ఆమెకు ఇవ్వడాన్ని చట్టం ఆపలేదు. రాజ్యంలోని పెద్ద అధికారి ఇంటికి కోడలిగా పంపడమే గ్రెషమ్ ఆమెకు ఇచ్చిన స్థానం. తండ్రి మరణానికి పదేళ్ల ముందే ఆమె వారసత్వం పెళ్లి రూపంలో తీరిపోయింది. ఆమెకు ఏమి దక్కిందో తెలుసుకోవడానికి 1575 పత్రం దగ్గర ఆగిపోతే పొరపాటు చేసినట్లే.

అన్నగారి వంశం మాటేమిటి? చట్టరీత్యా హక్కు అడగగలిగినవారు వీరే. అందుకే 1581లో హెన్రీ నెవిల్‌కూ, ఆన్ గ్రెషమ్‌కూ మధ్య కుదిరిన ఒప్పందాన్ని పార్లమెంటు ఒక ప్రత్యేక చట్టంతో స్థిరపరచింది. చనిపోయినవాడి మాటే ఆఖరు మాట అని మనం అనుకుంటాం. ఇక్కడ ఆ మాట చెల్లడానికి బతికి ఉన్నవాళ్ల రాజీ, పార్లమెంటు ముద్ర అవసరమయ్యాయి.

ఈ సందర్భంలో చరిత్రకారిణి ఏమీ లూయిస్ ఎరిక్సన్ వాదన ఉపయోగపడుతుంది. స్త్రీల ఆస్తిపై 1993లో వెలువడిన తన గ్రంథంలో ఆమె వీలునామాలతో పాటు ప్రొబేటు లెక్కలను, కోర్టు పత్రాలను కలిపి చదివింది. భూమి కొడుకుల వైపు మొగ్గినా, చరాస్తి రూపంలో కూతుళ్లకు చేరిన విలువ చెప్పుకోదగినదని చూపింది. పురుషులే అంతా తీసుకున్నారనే ఏకవాక్య తీర్పు కూడా, దాత కథలాగే, ఒక్క రకం పత్రం మీదే ఆధారపడుతుందని దీనివల్ల మనకు తెలుస్తుంది. అలాగని ఆ కాలపు స్త్రీకి న్యాయం జరిగిందని కాదు. విలువ చేరడం వేరు, అధికారం చేరడం వేరు. ఆన్ గ్రెషమ్ జీవితం ఈ తేడాకు మంచి ఉదాహరణ.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
విలియం రీడ్‌కు చేరిన ఆస్తిని ఔదార్యంగానూ, పెట్టుబడి తిరిగి రావడంగానూ ఎందుకు చదవవచ్చు?

4.6 సారాంశం

గ్రెషమ్ ఆస్తి కుటుంబానికి నాలుగు దారుల్లో చేరింది: భార్యకు అనుభవ హక్కుగా, ఆమె కొడుకుకు తల్లి ద్వారా, కూతురికి పెళ్లి ద్వారా, అన్నగారి వంశంతో రాజీ ద్వారా. వీటిలో వీలునామా స్పష్టంగా చెప్పేది మొదటిది. మిగిలిన మూడింటికి వివాహాలు, ఆచారాలు, కోర్టులు, పార్లమెంటు చట్టాలు చూడాలి. కాబట్టి ఒక వీలునామా మీ చేతికి వచ్చినప్పుడు, ఇందులో ఎవరికి ఏమి ఇచ్చాడు అన్న ప్రశ్నతో ఆగకండి. దీనికి ముందే ఎవరికి ఏమి ముట్టింది, చట్టమే ఎవరికి ఇస్తుంది, ఇచ్చినదాని మీద వారికి అధికారం ఉందా అన్న మూడు ప్రశ్నలు కూడా వేయండి.

4.7 మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. లండన్ వర్తకుడి ఆస్తి కుటుంబానికి చేరే మార్గాలను వివరించండి.
2. గ్రెషమ్ వీలునామాను దానపత్రంగా మాత్రమే చదవడంలోని లోపాలను చర్చించండి.
3. జీవితకాల అనుభవ హక్కుకూ, పూర్తి యాజమాన్యానికీ గల తేడాను ఆన్ గ్రెషమ్ ఉదాహరణతో రాయండి.
4. అభ్యాసం: మీ ఇంట్లో పాత ఆస్తి పత్రం ఏదైనా ఉంటే, పెద్దల అనుమతితో చదవండి. పై మూడు ప్రశ్నలకు అందులో జవాబు దొరుకుతుందో లేదో చూడండి. దొరకని జవాబుల కోసం ఇంట్లో ఎవరిని అడగాలో ఒక పేజీలో రాయండి.