బధిరశిశువూ, మన వాస్తవికతా

మన కథల్లో, చిత్రాల్లో మాటరాని మనిషి అమాయకత్వానికి ప్రతీకగా కనిపించినంత తరచుగా మనిషిగా కనిపించడు. 1986లో కె. విశ్వనాథ్ తీసిన ‘సిరివెన్నెల’లో మాటలేని చిత్రకారిణి సుందరమైన పాత్రే. కాని ఆమె మౌనం కవితావస్తువుగా నిలిచినంతగా దైనందిన జీవితంగా నిలవలేదు. అంతకు ముందే, 1972లో, గుల్జార్ ‘కోషిష్’లో బధిరదంపతులను శ్రమించి బ్రతికే మనుషులుగా చూపాడు, సంజ్ఞలు వారి భాష. ఆ దారిని మనవాళ్లు ముందుకు కొనసాగించలేదు.

ఈలోగా వస్తువే మారిపోయింది. పుట్టుచెవిటి బిడ్డకు కాక్లియర్ ఇంప్లాంటు అమర్చడం, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల, పేదలకు కూడా సాధ్యమైంది. 2014లో సవరించినప్పుడు కేంద్ర ఎడిప్ పథకం ఒక్కో పరికరానికి 6 లక్షల రూపాయల దాకా భరించేది. ఇది ప్రజల విజయమే. అయితే ఆపరేషన్ కాగానే “బిడ్డకు వినికిడి వచ్చింది” అని రాసి కథ ముగించే రచయిత సగం సత్యమే చెబుతున్నాడు. యంత్రం శబ్దాన్ని నరానికి అందిస్తుంది, అర్థాన్ని అందించదు. గిన్నె మోతా, కుక్క అరుపూ, అమ్మ పిలుపూ వేరువేరని బిడ్డ నేర్చుకోవాలి. అందుకు ఏళ్ల తరబడి శిక్షణ కావాలి, యంత్రాన్ని పదేపదే సరిచేయించాలి, బ్యాటరీలు కొనాలి. పసితనం దాటితే ఈ చదువు కష్టమవుతుంది.

ఇప్పుడు హొళగుంద వంటి చోట ఈ బిడ్డను ఊహించండి. వానలు మొగం చాటేస్తే ఆ ప్రాంతపు కూలీలు గుంటూరు మిరపచేలకు, బెంగుళూరు కట్టడాలకు వలసపోతారు. పిల్లలూ వెంట పోతారు. తెలుగూ కన్నడమూ కలిసిపోయిన ఇంట్లో బిడ్డకు ఏ భాషలో మాట నేర్పాలి? శిక్షణకు పట్నం పోతే కూలి పోతుంది, కూలికి పోతే శిక్షణ పోతుంది. ఈ వైరుధ్యాన్ని తల్లి ప్రేమ ఒక్కటే పరిష్కరించలేదు. దాన్ని త్యాగమని కీర్తించే రచన, ఊరి దగ్గర శిక్షకుణ్ణి నియమించవలసిన ప్రభుత్వాన్ని బాధ్యత నుంచి తప్పిస్తుంది.

మరొక మాట. ఇంప్లాంటు ఫలించని బిడ్డలూ ఉంటారు. సంజ్ఞాభాషను ఓటమిగా చిత్రించడం అన్యాయం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమే దాని వాడకాన్ని ప్రోత్సహించమన్నది.

వాస్తవికత అంటే కన్నీరు కాదు. బ్యాటరీ ధర, బస్సు చార్జీ, పోయిన కూలి – వీటిని లెక్కగట్టి చెప్పగల కథకుని కోసం ఆ తల్లులు ఎదురుచూస్తున్నారు.