రోజ్‌కి తెలియని సంగతి

ఎలిజబెత్ వాన్ ఆర్నిమ్ 1922లో రాసిన ‘ది ఎన్‌చాంటెడ్ ఏప్రిల్’ మొదటిసారి చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. లండన్‌లో ముసురు పట్టిన ఫిబ్రవరి మధ్యాహ్నం, స్త్రీల క్లబ్బులో కూచుని లాటీ పేపర్లో ఒక ప్రకటన చూస్తుంది. ఇటలీ సముద్రతీరంలో చిన్న కోట, ఏప్రిల్ నెలకి అద్దెకిస్తారట. బట్టల కోసం ఇచ్చే డబ్బులోంచి మిగుల్చుకున్న సొమ్ముతో, అంతవరకూ ముఖపరిచయమే తప్ప పలకరింపైనా లేని రోజ్‌ని కలుపుకుని బయలుదేరుతుంది. ఖర్చు పంచుకోడానికి మరో ఇద్దరు కొత్తవాళ్లు. పుట్టిల్లు, పురుడు, పుణ్యక్షేత్రం తప్ప గడప దాటడానికి సాకు దొరకని ఆడవాళ్ల మధ్య పెరిగిన నాకు ఆ అధ్యాయాలు ఎంత ఆశ పెట్టాయో! తీరా అక్కడికి చేరిన కొద్దిరోజులకే లాటీ భర్తని రమ్మని ఉత్తరం రాస్తుంది. ఈమాత్రం దానికి అంతదూరం వెళ్లాలా అనిపించింది.

ఈమధ్య మళ్లీ చదివాను. ఈసారి నన్ను పట్టుకున్నది, ఆ భర్తలు ఎందుకొచ్చారన్నది. లాటీ భర్త వకీలు. కోటలో ఉన్న లేడీ కరొలైన్ కుటుంబ వ్యవహారాలు తన చేతికి రావచ్చని వస్తాడు. రోజ్ భర్త ఫ్రెడరిక్ సంగతి ఇంకా ఘోరం. మారుపేరుతో పరిచయమైన ఆ కరొలైన్ కోసమే వస్తాడు. తన భార్య అక్కడుందని కూడా తెలీదు. తన ఉత్తరం చూసి వచ్చాడనుకుని రోజ్ పరిగెత్తుకొస్తుంది. అతను సర్దుకుంటాడు. నిజంగానే సంతోషిస్తాడు కూడా. రోజ్‌కి మాత్రం ఎవరూ చెప్పరు. మనకి తెలుసు.

ఇది రచయిత్రి అమాయకత్వం అనుకోలేను. అంతకుముందు ఏడాదే ‘వెరా’ రాసిన మనిషి ఆమె. భర్త ప్రేమ పేరుతోనే భార్యకి ఊపిరాడకుండా చేసే ఆ కథకి, ఫ్రాంక్ రస్సెల్‌తో విఫలమైన ఆమె రెండో పెళ్లే మూలం. అన్నీ తెలిసే ఈ వసంతాన్ని రాసింది.

ఇందులో నాకు నమ్మబుద్ధయిన ప్రేమ భార్యాభర్తలది కాదు. చనిపోయిన మహానుభావుల జ్ఞాపకాలతో, ఎవర్నీ దగ్గరకి రానివ్వని వృద్ధురాలు మిసెస్ ఫిషర్ లాటీ ముందు కొద్దికొద్దిగా మెత్తబడుతుందే, అది. కరొలైన్ ముగింపు మాత్రం ఇప్పటికీ మింగుడుపడదు. మగవాళ్ల చూపులనుంచి పారిపోయొచ్చి, తోటలో ఒంటరిగా కూచుని తన ఇరవై ఎనిమిదేళ్ల బతుకు గురించి ఆలోచించుకోవాలనుకున్న పిల్ల. నిన్నటిదాకా రోజ్ మీద మనసుపడి, ఈమె కనపడగానే మనసు మార్చుకున్న కోట యజమాని బ్రిగ్స్‌ని ఆమెకి అంటగట్టారు. ఆలోచన అర్ధంతరంగా ఆగిపోయింది.

లాటీ మీద కోపం పోయింది. ఆ సాయంత్రం నేనా కోటలో ఉంటే రోజ్‌కి చెప్పేదాన్నా అని మాత్రం చాలాసేపు ఆలోచించాను. చెప్పేదాన్ని కాదు.