ప్యాటర్న్‌కు చిక్కని లైన్లు

లాగ్ ఫైల్ నుంచి సమాచారం తీయడానికి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ రాసేవాళ్లు సాధారణంగా ఎన్ని లైన్లు దొరికాయో చూసుకుంటారు. దొరకనివి ఎన్ని, అవి ఎలాంటివి అని చూడటంలోనే ఈ పనితనమంతా ఉందని నా వాదన. అపాచీ వెబ్ సర్వర్ యాక్సెస్ లాగ్‌నే తీసుకోండి. ఒక్కో లైన్‌లో ఐపీ అడ్రస్, చదరపు బ్రాకెట్లలో తేదీ, సమయం, కోట్స్‌లో రిక్వెస్ట్, ఆపైన స్టేటస్ కోడ్, పంపిన బైట్ల సంఖ్య వస్తాయి. బైట్లంటే సంఖ్యే కదా అని అక్కడ అంకెలు మాత్రమే రావాలని రాసేస్తాం. కానీ మామూలు ఫార్మాట్‌లో, పంపిందేమీ లేనప్పుడు అపాచీ సున్నా వేయదు, చిన్న గీత పెడుతుంది. పేజీ మారలేదని చెప్పే 304 జవాబులు అలాంటివే. అవన్నీ లెక్కలోంచి జారిపోతాయి. ఎర్రర్ రాదు, హెచ్చరికా రాదు. సైట్‌కు రద్దీ తగ్గినట్టు కనిపిస్తుంది. ఐపీ అడ్రస్ అంటే చుక్కల మధ్య నాలుగు సంఖ్యలేనని రాస్తే, ఐపీవీ6 వాడేవాళ్లు అసలు రానట్టే అవుతుంది.

అయితే ప్యాటర్న్‌ను వదులుగా రాస్తే పోలేదా అంటారు. డాట్, స్టార్ కలిపి పెడితే ఏదైనా దొరుకుతుంది, నిజమే. తప్పుగా కూడా దొరుకుతుంది. కోట్స్ మధ్య దాన్ని పెట్టి తర్వాత ఏం రావాలో చెప్పకపోతే, లైన్‌లోని ఆఖరి కోట్ దాకా లాక్కుపోయి కొన్ని ఫార్మాట్లలో లైన్ చివర వచ్చే బ్రౌజర్ పేరునూ రిక్వెస్ట్‌లో కలిపేస్తుంది. పోయిన లైన్‌ను వెతికి పట్టుకోవచ్చు, తప్పుడు విలువ మాత్రం నివేదికలో కలిసిపోతుంది. పైగా వదులుతనం యంత్రానికీ బరువే. 2019 జూలై 2న, ఎన్నో సైట్ల ట్రాఫిక్‌ను మోసే క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ తన ఫైర్‌వాల్‌లో చేర్చిన ఒక నియమంలో ఇలాంటి డాట్ స్టార్‌లు వెంటవెంటనే వచ్చాయి. వెనక్కి వెళ్లి మళ్లీ మళ్లీ ప్రయత్నించడంతోనే సర్వర్ల సీపీయూ అంతా ఖర్చయి, ఎన్నో సైట్లు దాదాపు అరగంట ఆగిపోయాయి. అలా వెనక్కి పోనక్కర్లేని పద్ధతిని కెన్ థాంప్సన్ 1968లోనే ప్రచురించాడు. చాలా భాషల లైబ్రరీలు మాత్రం ఇప్పటికీ వెనక్కి వెళ్లేవే.

లాగ్‌లను జేసాన్‌లో రాస్తే ఈ గొడవే ఉండదన్న మాట బలమైనదే. కొత్త ప్రోగ్రామ్‌లు అలాగే రాయాలి. అయినా జేసాన్‌లోని మెసేజ్ ఫీల్డ్‌లో ఉండేది ఎవరో ప్రోగ్రామర్ రాసిన వాక్యమే. పాత సర్వర్లు, రౌటర్లు పంపేదీ మామూలు టెక్స్టే. అందుకే ప్యాటర్న్‌ను బిగువుగా రాసి, దానికి చిక్కని లైన్లను వేరే ఫైల్‌లో దాచాలి. గ్రెప్‌లో దానికి వీ అన్న ఒక్క ఆప్షన్ చాలు. సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేసిన మర్నాడు ఆ ఫైల్ ఉన్నట్టుండి పెరిగిందంటే, లాగ్ రూపం మారిందని లెక్కలు తప్పకముందే తెలుస్తుంది.