హెడ్డింగులో పందికొక్కు

సిద్దిపేట జిల్లా పేజీకి హెడ్డింగులు పెట్టేవాళ్ళం అవినీతి వార్త రాగానే మూడు మాటల్లో ఒకటి అందుకుంటాం: స్వాహా, గోల్‌మాల్, పందికొక్కులు. మూడోది చోటు ఎక్కువ పడుతుంది. అయినా దాన్నే కోరి పెడతాం. రేషన్ బియ్యం పక్కదారి పట్టినా, సంఘం సొమ్ము మాయమైనా ‘పందికొక్కుల్లా మెక్కారు’ అని రాస్తే చాలు, చదివేవాడికి కోపం రావాల్సినంత వస్తుంది. మా పేజీ టైముకు ప్రెస్సుకు పోతుంది.

ఈ మాట ఇంగ్లీషులోకి పోయి అక్కడ చేసిన పని చూస్తే మాత్రం మా వాడకం చప్పగా అనిపిస్తుంది.

ఇంగ్లీషువాళ్ళ బాండికూట్ మన పందికొక్కే. కొక్కు అంటేనే పెద్ద ఎలుక; పంది లెక్క గురగుర అంటుంది కాబట్టి ముందు పంది చేరింది. 1886లో యూల్, బర్నెల్ తెచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు ఇది తెలుగు మాటేనని తేల్చింది. అందులోనే ఇబన్ బతూతా ముచ్చట కూడా ఉంది. 14వ శతాబ్దంలో ఆయన చెప్పిన దేవగిరి చెరసాల ఎలుకలు పిల్లుల కన్నా పెద్దవట, వాటిని చూసి పిల్లులే పారిపోయేవట. దక్కన్ ఎలుకలకు అంత పాత పేరుంది మరి!

ఈ నిఘంటువు రాకముందే ఆస్ట్రేలియా చేరిన ఇంగ్లీషువాళ్ళు అక్కడ పొడుగు మూతితో నేల తవ్వే జంతువును చూసి, ఇండియాలో విన్న పేరే దానికి తగిలించారు. నిజానికి దానికీ ఎలుకకూ చుట్టరికమే లేదు. కంగారూ లాగా పిల్లల్ని సంచిలో మోసే జాతి అది. తవ్వేటప్పుడు మట్టి పడకుండా దాని సంచి మూతి వెనక్కి తిరిగి ఉంటుంది. పేరు అట్లా నిలబడిపోయాక జనం నోళ్ళు ఊరుకోలేదు. దిగాలుగా కూర్చున్నవాణ్ణి బాండికూట్‌తో పోల్చారు. ఏ తోడూ లేనివాడు కాలిన గుట్ట మీది బాండికూట్ అయ్యాడు. బట్టతలకూ, పేలు పట్టిన తలకూ కూడా దాన్నే పట్టుకొచ్చారు. 1996లో ప్లేస్టేషన్ ఆటలో క్రాష్ బాండికూట్ ఏకంగా హీరో అయి కూర్చుంది. తిరువనంతపురం కుర్ర ఇంజినీర్లు మ్యాన్‌హోల్లోకి మనిషి దిగే అవసరం లేకుండా చేసే రోబోకు కూడా బాండికూట్ అనే పేరు పెట్టుకున్నారు. అదే మిషన్‌కు పందికొక్కు అని తెలుగులో రాసి ఉంటే మన మున్సిపాలిటీల్లో ఎవరన్నా కొబ్బరికాయ కొడతారా?

ఇవన్నీ ఒక ఎత్తు. ఆస్ట్రేలియావాళ్ళు ఈ మాటను క్రియగా మార్చారు, నాకు నచ్చింది అది. ఆలుగడ్డ చేనులో రాత్రి దూరి, మొక్కను పీకకుండా, పక్క నుంచి మట్టి తోడి కింది గడ్డలు ఎత్తుకుపోవడాన్ని బాండికూట్ చేయడం అంటారు. ఆకు ఆకులాగే ఉంటుంది. తెల్లారి ఆసామి వచ్చి చూస్తే చేను పచ్చగానే కనిపిస్తుంది. గడ్డలు తవ్వే రోజు వరకూ దొంగతనం బయటపడదు.

మన దగ్గర అసలు పందికొక్కు పని కూడా ఇంతే గుట్టుగా సాగుతుంది. 2020లో రంగనాయక సాగర్ రిజర్వాయర్‌కు నీళ్ళొచ్చాక చంద్లాపూర్ వైపు వరి బాగా పెరిగింది. వరి ఉన్నచోట ఇదీ ఉంటుంది. ఒక ఒడ్డు తవ్వుతుంటే దగ్గర నిలబడి చూశాను. బొక్క మూతికి లోపలి నుంచే మట్టి కొట్టుకుని ఉంది. పక్కన తాజా మట్టి కుప్ప లేకుంటే అక్కడ బొక్క ఉందని నాకు తెలిసేదే కాదు. గడ్డపారతో పొడుస్తూ పోతే సొరంగం రెండు పాయలైంది. ఒక పాయ చివర వరి గొలుసులు, కోసి పేర్చినట్టు. రైతు వాటిని చేతిలోకి తీసుకుని, ‘తిన్నది తక్కువనే సార్, దాసుకున్నదే ఎక్కువ’ అన్నాడు.

మేము రాసే ‘మెక్కారు’లో ఈ దాచుకోవడమూ లేదు, మూతి పూడ్చుకోవడమూ లేదు. ఉన్నదంతా పొట్టే. ప్రజల సొమ్ము పోయే తీరు మాత్రం అచ్చం ఆలుగడ్డ చేను తీరే. స్టాకు రిజిస్టరు సక్రమం. మస్టర్‌లో పేర్లు నిండుగా. బిల్లు మీద సంతకాలు ఎక్కడివక్కడ. ఆడిట్‌కు వచ్చినవాళ్ళు ఆకు చూసి వెళ్ళిపోతారు.

అందుకే మా రిపోర్టర్లకు ఒక షరతు పెట్టాను. సొమ్ము ఏ దారిన పోయింది, కాగితాల మీద పచ్చదనం ఎవరి సంతకంతో నిలిచింది, ఈ రెండూ వార్తలో ఉంటేనే పందికొక్కు హెడ్డింగు ఎక్కుతుంది. లేకుంటే ‘నిధుల దుర్వినియోగం’ అని పెట్టి ఊరుకుంటాం.