ఉత్సాహమునకు గడప

జనోత్సాహము అంటువ్యాధి వంటిదనియు, దానికి లోబడినవారికి వివేచన నశించుననియు మన విద్యావంతులు తఱచుగా విమర్శింతురు. వెఱ్ఱి వేయి విధములన్న సామెతతో వారి విమర్శ ముగియును. ఈ యభిప్రాయమును సరిచూచుటకు హైదరాబాదు తూర్పుదెసను, ఉప్పలు పొరుగుననున్న నాచారము తగిన తావు. నందమూరి తారకరామారావుగారి రామకృష్ణ స్టూడియో ఇచటిదే.

1982 మార్చి 29న ఆయన తెలుగుదేశము పార్టీని ప్రకటించి, చైతన్యరథమునెక్కి ఊరూర తిరిగెను. పది నెలలైనను నిండకమున్నే, 1983 జనవరిలో, అధికారము లభించెను. తెరమీది రాముని, కృష్ణుని చూచి మురిసిన జనమే ఓట్లు వేసెననుట విమర్శకులకు సులభమయ్యెను.

కాని తరువాతి రెండు ఘట్టములను ప్రక్కప్రక్కన నుంచి చూడవలెను. 1984 ఆగస్టు 16న గవర్నరు రాంలాల్ ఆయనను పదవినుండి తొలగించెను. తన పక్షపు శాసనసభ్యులు చేజారకుండ ఆయన వారికి నాచారము స్టూడియోలో విడిది యేర్పఱచెను. వెలుపల ఊరూర సభలును, ఊరేగింపులును సాగెను. సెప్టెంబరు 16న ఆయన మరల ముఖ్యమంత్రి యయ్యెను. 1995 ఆగస్టులో సొంత పక్షమువారే ఆయనను త్రోసిపుచ్చిరి. నాయకుడాయనయే, కంఠమును అదియే. వెల్లువ మాత్రము రాలేదు. మొదటిసారి తమ ఓటే అపహరింపబడెనని ప్రజలు తలచిరి. రెండవసారి అది పక్షములోని కలహముగా తోచెను కాబోలు. కావున ఉత్సాహము కేవలము గ్రుడ్డిది కాదు. ఎండుకట్టె యున్నచోటనే నిప్పంటుకొనును.

అయినను దానికొక హద్దు గలదు. 1986లో ఆయన ప్రభుత్వమే అవిభక్త కుటుంబపుటాస్తిలో కొడుకులతో సమానముగా కూతులకు హక్కు కల్పించు చట్టము చేసెను. అది అమలగునప్పటికి పెండ్లికానివారికే ఆ హక్కు. దేశమంతటికిని అట్టి సమానత్వము 2005లో గాని రాలేదు. దీనికై వీథిలో కేకలు వేయనక్కఱలేదు. ఇంట భాగము పంచిన చాలును. మఱి ఇచట ఆ యంటువ్యాధి ఏమయ్యెను? వీథిలో జయజయధ్వానములు చేసిన తండ్రులలో ఎందఱు, పసుపుకుంకుమల పేర ఇంత ముట్టజెప్పి, కూతుచేత సంతకము చేయించుకొనలేదు?

జనము గుమిగూడుటను గాదు మనము విమర్శింపవలసినది. ఇతరులనుండి రాబట్టుకొనునపుడు ఒకరినుండి యొకరికి సోకు ఉత్సాహము, మన చేతిది విడువవలసినపుడు గడప దాటి లోనికి రాదేల యని యడుగవలెను. ఈ ప్రశ్న వీథిలోని జనమున కెంతయో, చదువుకొన్న మన యిండ్లకును అంతే.